ఇనప స్టూలు వెంట సంగారెడ్డి దాకా

“పటాన్‌చెరు ఏమన్నా ఊటీయా, చూసొస్తానని బయల్దేరావు?” రైలు కదిలేదాకా మా అన్నయ్యది ఇదే మాట. ఆయన విసుగులో న్యాయం లేకపోలేదు. ముప్పై దాటిన నేను ఒక్కదాన్నే రైలెక్కడం అదే మొదలు. పోలియో వచ్చిన కుడికాలికి ఇనప పట్టీల కాలిపరు, చంకల కింద రెండు కర్రలు, భుజాన సంచీ. ఎప్పటిలాగే అన్నయ్య ఒక్క మాటైనా అడక్కుండా నన్ను రెండు చేతుల మీద ఎత్తి, పెట్టెలో కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో అంతే. పెళ్ళిళ్ళకైనా, డాక్టరు దగ్గరికైనా ఎవరో ఒకరు వచ్చి ఎత్తేస్తారు. నేనూ మెడ చుట్టూ చెయ్యి వేసేస్తాను. అందులో తప్పేముందని ఎప్పుడూ అనుకోలేదు.

నాకు భయపడటం బాగా వచ్చు. రైలు గుంటూరు చేరేలోపే ఆ రోజుకి సరిపడా భయాలు పోగేసుకున్నాను. సికింద్రాబాదులో దించేదెవరు? బస్సు మెట్టు ఎంత ఎత్తుంటుంది? బాత్‌రూముకి వెళ్ళాల్సొస్తే? ఈ చివరిదానికి నా దగ్గర పాత మందు ఉంది. ముందురోజు రాత్రి నుంచీ నీళ్ళు మానేయడం. కాళ్ళు సరిగాలేని ఆడవాళ్ళలో ఈ మందు తెలియనివాళ్ళు ఉండరు. మిగతావాళ్ళకు చెప్పినా నమ్మరు.

ఇంత భయస్తురాల్ని ఇల్లు కదిల్చింది ఒక ఫోను. చిన్నప్పుడు హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో నాకు ఆపరేషను చేసినప్పుడు పక్కమంచం మీద అనసూయ అనే పిల్ల ఉండేది. నాకంటే మూడేళ్ళు చిన్నది. నాకు కుడికాలు, దానికి ఎడమకాలు. “మన ఇద్దరికి కలిపి ఒక మనిషి కాళ్ళున్నయక్కా” అని నవ్వేది. ఆ స్నేహం ఉత్తరాల మీద ఇన్నేళ్ళూ నిలబడింది. నేను తెనాలిలో టైపు నేర్పే పంతులమ్మనయ్యాను. అది పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో మాత్రల డబ్బాలు సర్దే పనికి కుదిరింది. ఆ వారం మా ఇన్‌స్టిట్యూటు కింద ఉన్న ఎస్టీడీ బూత్ అబ్బాయి పరుగెత్తుకొచ్చి పిలిస్తే, కర్రలేసుకుని దిగి ఫోను అందుకుంటే అవతల అనసూయ.

“అక్కా, నా స్టూల్ గేటు బయట పారేసిండ్రు. సోమవారం మేమందరం సంగారెడ్డి ఆఫీసుకు పోతున్నం. నువ్వు రావాలె. మంది కనవడాలె అక్కా.”

సంగతి ఇది. అనసూయ ఎక్కువసేపు నిలబడలేదు. అందుకని పనిలో చేరినప్పటినుంచీ ఒక ఇనప స్టూలు మీద కూర్చుని డబ్బాలు సర్దుతోంది. ఈమధ్య కొత్త మేనేజరు వచ్చాడు. ప్యాకింగులో ఎవరూ కూర్చోకూడదని రూలు పెట్టాడు. నిలబడి చేస్తే చెయ్యి, లేదంటే బుధవారంనుంచి నీ చోట ఇంకో పిల్ల వస్తుందన్నాడు. దాని సంపాదనే దానికీ, ముసలి తల్లికీ ఆధారం.

నేను రోజంతా కుర్చీలో కూర్చునే బతుకుతున్నాను. ఆ కుర్చీ ఎవరైనా తీసేస్తారన్న ఊహ ఆ ఫోను వచ్చేదాకా నాకు రాలేదు.

చెయ్యా, భుజమా

సికింద్రాబాదు నుంచి పటాన్‌చెరు బస్సులో నన్ను ఎక్కించినవాళ్ళకు రుణపడి ఉన్నాను, కోపంగానూ ఉన్నాను. వెనకనుంచి ఒకరు నడుము పట్టుకుని తోశారు, ముందునుంచి ఒకరు జబ్బ పట్టుకుని లాగారు, కర్ర ఒకటి కిందే ఉండిపోయింది. “కర్ర, నా కర్ర” అని నేను అరుస్తుంటే, “ఎక్కినవు గదమ్మా, ఇంకేంది?” అన్నాడొకాయన. బస్సు కదలబోతుండగా ఒకమ్మాయి కిటికీలోంచి కర్ర అందించింది. లేకపోతే నా యాత్ర అక్కడే సమాప్తం.

పటాన్‌చెరు దగ్గరపడుతున్నట్టు ముక్కుకే ముందు తెలిసింది. ఆస్పత్రిలో సీసా మూత తీసినట్టు ఒక ఘాటు వాసన. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే పక్కనున్న పెద్దామె, “మొదలు గట్లనే ఉంటది బిడ్డా, రెండు దినాలైతే ఏం తెల్వదు” అంది. అలవాటైపోతుందన్నమాట. ధైర్యం చెప్పడానికే అందామె, నేను దాన్నీ నా భయాల్లో కలుపుకున్నాను.

బస్టాండులో అనసూయ తన చేతిబండి మీద కూర్చుని ఎదురుచూస్తోంది. మూడు చక్రాల బండి, చేతులతో పెడలు తిప్పితే నడుస్తుంది. దానితో ఒక పొడుగాటి మనిషి ఉన్నాడు, నల్లద్దాలు, మెడలో ఒక ఈల. బస్సు మెట్టు దగ్గర నేను బిక్కచచ్చి నిలబడితే ఆయన చప్పుడునుబట్టి దగ్గరికొచ్చి ఆగాడు. చెయ్యి చాచలేదు.

“చెయ్యి గావాల్నా అక్కా, భుజం గావాల్నా?”

నాకు అర్థం కాలేదు. అనసూయ నవ్వింది. “మా తాన అడిగినాకనే పట్టుకుంటరక్కా. నీకేది ఆసరా అయితదో నువ్వే చెప్పాలె.”

అలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నాకు చెయ్యి కావాలో భుజం కావాలో నాకే తెలియదు. చాలాసేపు ఆలోచించి “భుజం” అన్నాను. ఆయన భుజం వంచాడు. నేను పట్టుకుని నా అంతట నేను దిగాను. వెనక నుంచి కండక్టరు తొందరపెడుతున్నా ఆయన తొందరపడలేదు. ఆయన పేరు బాలరాజు, పుట్టుకతోనే చూపు లేదు, కుర్చీలకు వైరు అల్లుతాడు. ఇక్కడ వికలాంగులంతా కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు మొట్టమొదట పెట్టుకున్న నియమం ఇదేనట, అడగకుండా ముట్టుకోవద్దు.

కిరాయి గది

అనసూయ వాళ్ళది వరసగా ఉన్న ఎనిమిది కిరాయి గదుల్లో చివరిది. పక్కగదుల్లో బీహారు వాళ్ళు, ఒరిస్సా వాళ్ళు, జహీరాబాదు నుంచి వచ్చినవాళ్ళు. ఒకే గోడకు మూడు భాషల వంటవాసనలు. వాకిట్లో బోరింగు ఉంది కానీ ఆ నీళ్ళు గిన్నెలు తోమడానికే. తాగే నీళ్ళు ట్యాంకరు వస్తే పట్టుకుంటారు. కాలవల దేశంనుంచి వచ్చిన నాకు నీళ్ళ బిందె మీద మూత తీసి, గరిటెతో కొలిచినట్టు పొయ్యడం చూస్తే తాగబుద్ధి కాలేదు. ఎలాగూ నేను తాగడంలేదు కదా అని సరిపెట్టుకున్నాను.

అనసూయ తల్లి నర్సమ్మ జొన్నరొట్టె చేసింది. చేత్తో కొడుతుంటే ఆ చప్పుడుకు రెండు గదుల అవతలి పిల్లలు వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. రొట్టె, ఉల్లిపాయ వేసిన పచ్చిపులుసు, ఎర్రటి కారం. మా వైపు పులుసంటే కాచాలి. ఇక్కడ చింతపండు పిసికి, పచ్చిమిర్చి కాల్చి నలిపితే అయిపోయింది. నేను లొట్టలేసుకుంటూ తింటుంటే నర్సమ్మ, “అన్నం బిడ్డవు గదా, రొట్టె పడుతదో లేదో అని రంధి వడ్డ” అంది. మా ఇద్దరికీ రంధి పడటంలో జోడీ కుదిరింది. రాత్రి దాకా ఇద్దరం వంతులవారీగా భయపడ్డాం.

“ఆ మేనేజరు కోపానికొస్తే ఎట్ల బిడ్డా? ఉన్న పనీ పాయె, ఇంకేడ గూడ పెట్టుకోకుండ చేస్తే?” అని నర్సమ్మ.

“ఊకో అమ్మా” అంటుంది అనసూయ. కానీ అది రొట్టె సగమే తింది.

టైర్ల షెడ్డు కింద ఆదివారం

మర్నాడు హైవే పక్కన టైర్లకు పంక్చర్లు వేసే షెడ్డు ముందర అందరూ కలిశారు. పదిమంది దాకా ఉంటారు. నాలుగు చేతిబండ్లు, చూపులేనివాళ్ళు ముగ్గురు, కర్రలవాళ్ళు, ఒక చెయ్యి మిషనులో పోగొట్టుకున్న ఒకాయన. ఇంతమంది నాలాంటివాళ్ళను ఒక్కచోట ఆస్పత్రిలో తప్ప చూడలేదు. అక్కడ అందరం ఏడుస్తూ ఉండేవాళ్ళం. ఇక్కడ టీ కోసం పోట్లాడుకుంటున్నారు.

మేం వెళ్ళాల్సిన ఆఫీసు కూలీల ఫిర్యాదులు వినేది. దాని పేరు రాయను, ఇప్పుడక్కడ ఉన్నవాళ్ళతో నాకు గొడవలేదు. అది సంగారెడ్డిలో ఒక సిమెంటు దుకాణం మీద అద్దె మేడలో ఉంది. మెట్లు నిటారుగా, సన్నగా ఉంటాయట. ఇదివరకు అనసూయ వెళ్తే అటెండరు మూటలా ఎత్తుకుని పైకి తీసుకెళ్ళాడట. పైన పెద్దసారు దాన్ని చూసి, “పాపం” అన్నాడు. ఆ ఒక్క మాటతో పని అయిపోయినట్టు కిందికి పంపేశారు.

“ఈపాలి ఎవ్వలం పైకి పోవద్దు. సారే కిందికి రావాలె” అంది అనసూయ. “నన్ను మోస్తే పాపం అంటడు. ఎదురుంగ నిలవడితే మాట వింటడు.”

“రాకపోతే?” అని నేను. అంతమందిలో ఆ ప్రశ్న అడగడానికి నేనే దొరికాను.

తర్వాత నడక సాధన చేశాం. రోడ్డు మీద లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతుంటాయి, చెదిరిపోతే ప్రమాదం. అందుకని చూపులేనివాళ్ళు చేతిబండ్లను వెనకనుంచి తోస్తారు. బండి మీద కూర్చున్నవాళ్ళు దారి చెబుతారు. ఒకరికి కళ్ళు అరువు, ఒకరికి కాళ్ళు అరువు. బాలరాజు ఈల ఒకటి పొడుగ్గా ఊదితే ఆగాలి, రెండు ఊదితే కదలాలి. షెడ్డు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. ఈల వేయగానే అందరం ఠక్కున ఆగుతుంటే మా క్రమశిక్షణకు మాకే ముచ్చటేసింది.

సాధన అయిపోతుండగా ఖాజా వచ్చాడు. వెల్డింగు పనివాడు, బలమైన మనిషి. ఏళ్ళ తరబడి రేకులు కొట్టే షాపులో పనిచేసి చెవులు పూర్తిగా పోయాయి. మాట మాత్రం ఉంది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి పక్క ఊరికి చెప్పినట్టు మాట్లాడతాడు. అనసూయ స్టూలు చేసింది అతనే, పిల్ల కాలు, నడుము కొలిచి మరీ. గేటు బయట పారేసినప్పుడు వంకరపోయిన స్టూలు కాలును ఆ రోజంతా కూర్చుని సరిచేసి, ఎర్రరంగు వేసి తెచ్చాడు.

“గిప్పుడు ఏనుగెక్కినా ఇరగది!” అని అరిచాడు. షెడ్డు మీది కాకులు లేచిపోయాయి.

స్టూలును ఖాజా నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు నడవాలని తీర్మానమైంది. బలంగా ఉంటాడు, భయం లేదు, లారీలవాళ్ళకు దూరంనుంచి ఎర్రగా కనిపిస్తుంది. అందరం తలూపాం. నేనూ ఊపాను. ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ చెమట పడుతుంది.

కంది దాటాక

సోమవారం పొద్దున కూరగాయల వ్యాను ఒకటి బండ్లతో సహా మమ్మల్ని ఎక్కించుకుంది. దాని సరుకు కంది అనే ఊళ్ళో ఉంది, అంతవరకే వస్తానన్నాడు డ్రైవరు. అక్కడినుంచి సంగారెడ్డికి మా చక్రాలే గతి. నాకు జ్వరంతో రాలేకపోయిన ఒకాయన బండి ఇచ్చారు.

కంది దగ్గర అప్పటికింకా రెండు వైపులా చేలే. జొన్న, కంది, అక్కడక్కడా జామతోటలు. ఫ్యాక్టరీల వాసన వెనకబడి మట్టివాసన వచ్చింది. ఇంకెవరైనా అయితే హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్ళు. నేను మాత్రం లారీల వంకే చూస్తున్నాను. ఒక్కొక్కటీ పక్కనుంచి పోతుంటే బండి గాలికి ఊగుతోంది. ముందు ఖాజా నెత్తిమీద ఎర్రస్టూలు తేలుతున్నట్టు పోతోంది. దాన్ని చూస్తూ పెడలు తిప్పితే కాస్త ధైర్యంగా ఉంది.

పెద్దసారు మధ్యాహ్నం హైదరాబాదులో మీటింగుకి వెళ్ళిపోతాడని, ఈలోపే చేరాలని అనసూయ హెచ్చరిస్తోంది. మళ్ళీ దొరికేది వచ్చేవారమే. అప్పటికి దాని చోటు పోతుంది.

కల్వర్టు ఒకటి దాటాక నా బండి చైను టపుక్కున జారింది. “ఆపండి, ఆపండి” అన్నాను. బాలరాజు పొడుగ్గా ఈల ఊదాడు. అందరం ఠక్కున ఆగాం, అచ్చం సాధనలోలాగే. చైను జారడమే కాదు, ఒక లింకు వంగింది. బాలరాజు వేళ్ళతో తడిమి, రాయితో కొట్టి దాన్ని సరిచెయ్యడానికి చాలా సమయం పట్టింది. నావల్ల ఇంతమంది ఎండలో నిలబడ్డారన్న సిగ్గుతో నేను తలెత్తలేదు. అందరూ చైను చుట్టూ మూగి సలహాలు ఇస్తున్నారు.

చైను ఎక్కింది. బాలరాజు రెండు ఈలలు వేశాడు. తలెత్తి రోడ్డు చూశాను. ఎర్రస్టూలు లేదు.

“ఖాజా భాయ్ ఏడీ?” అంది అనసూయ.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ తట్టలేదు. తర్వాత అందరికీ ఒకేసారి తట్టింది. చెవులు లేని మనిషిని ముందు నిలబెట్టి, ఆగడానికి ఈల గుర్తు పెట్టుకున్నాం! ఈల వేసిన బాలరాజుకు ఖాజా ఆగాడో లేదో కనిపించదు. కళ్ళున్న మేమంతా చైను వైపు చూస్తున్నాం. పదిమంది బుర్రల్లో ఒక్కదానికీ ఆదివారం నాడే ఈ సంగతి తోచలేదు. ఇలాంటి తప్పు చెయ్యాలంటే మాలాంటివాళ్ళే కావాలి.

బాలరాజు ఈల వదిలేశాడు. “హారన్ కొట్టినా వినవడది అక్కా వానికి. మనం వెనకున్నమని రోడ్డు నడుమ పోతుంటడు” అన్నాడు. అనసూయ పెడలు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. నేను నా జీవితంలో అంత జోరుగా దేన్నీ తిప్పలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. ప్రతి మలుపులోనూ రోడ్డు మీద ఎర్రగా ఏదైనా పడి ఉందేమోనని చూడటానికి భయం, చూడకపోవడానికీ భయం.

జామకాయలు అమ్మే ఒకావిడ చెట్టు కింద గంపతో కూర్చుంది. స్టూలు పెట్టుకుని ఎవరైనా పోయారా అని అడిగాం.

“పోయిండు. కాయలు తీస్కో అని ఎన్ని సార్లు పిలిచినా మలిగి సూడలే. ఏం పొగరమ్మా ఆయనకు!” అంది కోపంగా.

బతికే ఉన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడకు సంగతి చెబితే నాలుక కరుచుకుని, మా అందరి ఒళ్ళల్లో జామకాయలు పోసింది. రూపాయికి రెండు కాయలమ్మేది డబ్బు తీసుకోనంది. “ఆయనకు గూడ ఇయ్యుండ్రి, తిట్టిన అని చెప్పకుండ్రి” అంది.

సంగారెడ్డి మేడమెట్లు

ఖాజా బతికున్నాడన్న ధీమా ఎంతోసేపు నిలవలేదు. అతను ఒక్కడూ ఆఫీసుకు చేరితే? ఎవరేమడిగినా వినపడదు. స్టూలు ఎత్తుకొచ్చాడని దొంగ అనుకుంటే? పైకి వెళ్ళిపోతే? సారు వెళ్ళిపోతే? సంగారెడ్డి బజారు ఎలా ఉందో నన్ను అడగకండి, నాకు గుర్తులేదు. ఊళ్ళోకి వెళ్ళిన మనిషిని కానీ ఊరు చూసిన మనిషిని కాను.

సిమెంటు దుకాణం ముందు జనం పోగై ఉన్నారు. లోపల అరుపులు. ఇంకేముంది అనుకున్నాను. అనసూయ బండి జనాన్ని చీల్చుకుంటూ పోయింది, వెనకే నేను.

మెట్ల అడుగున, సరిగ్గా దారికి అడ్డంగా, ఎర్రస్టూలు వేసుకుని రోడ్డు వైపు మొహం పెట్టి ఖాజా కూర్చున్నాడు. అతని వెనక మెట్టు మీద అటెండరు, ఆపై మెట్టు మీద ఇద్దరు గుమాస్తాలు, అందరికంటే పైన బ్యాగు పట్టుకుని పెద్దసారు. ఎవరూ కిందికి దిగలేకపోతున్నారు. అంతా కలిసి ఖాజా వీపు మీద అరుస్తున్నారు. అటెండరు భుజం తడితే ఖాజా వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి, “వస్తుండ్రు! మావోళ్ళు వస్తుండ్రు! జెర ఆగుండ్రి!” అని దుకాణం అదిరేలా అరిచాడు. అతని మొహం చూశాను. భయం లేనివాడని మేం ముందు నిలబెట్టిన ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళున్నాయి.

మమ్మల్ని చూడగానే లేచాడు. “ఏడ పోయిండ్రు మీరంత? మలిగి చూస్తే ఒక్కలు లేరు! లారీ గిట్ల గుద్దిందేమో అని పరేషానై కూసున్న!” తనకోసం మేం, మా కోసం తను. బాలరాజు తడుముకుంటూ వెళ్ళి అతన్ని వాటేసుకున్నాడు. ఈల ఇద్దరి మధ్యా నలిగింది.

దారి దొరికిందని సారు కిందికి దిగబోయాడు. అప్పుడు చూశాడు, మెట్ల ముందు నాలుగు బండ్లు, మా కర్రలు, మేము. “ఏందిది? ఒక్కరు పైకి వచ్చి కాగితం ఇచ్చి పోండి, వచ్చేవారం మాట్లాడుదాం” అన్నాడు. అటెండరు అలవాటుగా అనసూయను ఎత్తడానికి రెండు చేతులూ చాచాడు.

“ముట్టుకోకన్నా” అంది అనసూయ. స్టూలు వైపు వేలు చూపించింది. “ఆ స్టూల్ జెర ఇటు జరుపు, చాలు.”

అటెండరు సారు వైపు చూశాడు, తర్వాత స్టూలు జరిపాడు. అనసూయ బండి దిగి దాని మీద కూర్చుంది. సారు చివరి మెట్టు మీద నిలబడిపోయాడు. అది చెప్పడం మొదలుపెట్టింది. పని ఎలా చేసేదో, డబ్బాల లెక్కలో ఎవరికీ ఎలా తక్కువ కాలేదో, నిలబడితే కాలిపరు పట్టీ ఎక్కడ కోసుకుంటుందో అన్నీ చెప్పింది. వికలాంగుల చట్టం వచ్చిందట కదా సార్, అందులో మా మాట ఉన్నదట కదా అంది. సారు ఎడమకాలి నుంచి కుడికాలికి, కుడికాలి నుంచి ఎడమకాలికి బరువు మార్చుకుంటూ విన్నాడు. గడియారం చూశాడు. రైలింగు పట్టుకున్నాడు. చివరికి ఉండబట్టలేక అటెండరుతో, “ఒక కుర్చీ పట్టుకరా” అన్నాడు.

అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చూపులేని బాలరాజుకు మా మొహాలు కనపడవు కదా, మామూలుగా అడిగేశాడు. “ఏమాయె? సార్‌కు కాళ్ళు గుంజుతున్నయా?”

సారు మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో నాకు అంతుపట్టలేదు. కుర్చీ వచ్చింది. ఆయన అనసూయకు ఎదురుగా కూర్చుని, బ్యాగు కింద పెట్టి, “ఎన్ని గంటలు నిలబడమన్నడమ్మా?” అని మొదటినుంచి అడిగాడు. ఆ తర్వాత సిమెంటు దుకాణంలో ఫోను అందుకుని ఫ్యాక్టరీతో మాట్లాడాడు. అటువైపు ఏమన్నారో మాకు వినపడలేదు. ఆయన మాత్రం రెండుసార్లు గట్టిగా “కుదరదు” అన్నాడు. ఏది కుదరదో తెలియలేదు.

“రేపు పొద్దుగాల పనికి పో. చెప్పిన.”

“స్టూల్ సంగతి సార్?”

“చెప్పిన అంటున్న గదమ్మా.”

ఆయన వెళ్ళిపోయాడు. మేం జామకాయలు తిన్నాం. ఖాజాకు రెండు ఎక్కువ ఇచ్చి, తిట్ల సంగతి దాచాం. ఆ “చెప్పిన” అన్న మాటను తిరుగు దారంతా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాం కానీ అందులో స్టూలు ఉందో లేదో తేలలేదు.

గేటు బయట

మంగళవారం మధ్యాహ్నం నా రైలు. పొద్దున్నే అనసూయతోపాటు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళాను, ఖాజా, బాలరాజు కూడా వచ్చారు. వాచ్‌మన్ అనసూయను పోనిచ్చాడు. స్టూలును చూసి ఆగాడు. లోపలికి వెళ్ళి ఎవరినో అడిగొచ్చాడు. స్టూలు చంకన పెట్టుకుని అనసూయ వెనకే నడిచాడు. గేటు మూసుకుంది.

ఎదురుగా టీ కొట్టు బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. ఇక్కడి టీ చిక్కగా, తియ్యగా ఉంటుంది. మూడు రోజుల్లో నేను నిండా తాగిన మొదటి గ్లాసు అదే. నా చూపంతా గేటు మీదే ఉంది. ఇదివరకు స్టూలు వచ్చిపడింది అక్కడే. లోపల ఇనుము ఖంగుమన్నప్పుడల్లా నేను ఉలిక్కిపడుతుంటే బాలరాజు, “అది డ్రమ్మక్కా, స్టూల్ గాదు” అంటున్నాడు. మళ్ళీ ఖంగుమనేది. “అదీ డ్రమ్మే.” కానీ ఆయన కూడా టీ తాగడం మరిచిపోయాడు.

టీ వేళకు లోపలి ఆడవాళ్ళు కొందరు నీలం కోట్లతో బయటికొచ్చారు. అందులో ఒకామెకు నెలలు నిండుతున్నట్టున్నాయి. నడుము మీద చెయ్యి పెట్టుకుని, గేటు వైపు ఓసారి చూసి, మా బల్ల దగ్గరికొచ్చింది. “అనసూయ కూసొనే చేస్తుంది. మేనేజర్ వచ్చి చూసిండు, ఏమనలే, పోయిండు” అంది మెల్లగా.

నేను కర్రల్ని గట్టిగా పట్టుకున్నాను. బాలరాజు అద్దాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఖాజాకు సైగ చేసి చెప్పాను, కూర్చున్నట్టు చూపించి. అతను నవ్వాడు.

ఆమె ఇంకా వెళ్ళలేదు. ఖాజా దగ్గరికి వంగి, పెదాలు కదిలీ కదలకుండా ఏదో అంది. ఖాజా ఆమె మొహంలోకి తదేకంగా చూశాడు. పెదాలు చూసి మాట పట్టగలడు, అర్థమైంది. తర్వాత తన మామూలు గొంతుతో అడిగాడు.

“నీగ్గూడ స్టూల్ గావాల్నా? ఎంత ఎత్తు?”

టీ కొట్టులో ప్రతి గ్లాసూ ఆగింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఇటు తిరిగాడు. నేను ఖాజా చెయ్యి పట్టుకుని, అరవకు, అరవకు అని సైగలు చేస్తున్నాను. అయిపోయింది, ఈమె పని కూడా పోయింది, మేం వచ్చి ఇంకొకరి కొంప ముంచాం అనుకున్నాను. ఆమె వెళ్ళిపోవడానికి అటు తిరిగింది కూడా.

ఇంతలో వెనక బల్లమీంచి, తల సగం నెరిసిన ఒకావిడ గ్లాసు కింద పెట్టింది.

“నాగ్గూడ ఒకటి చెయ్ భయ్యా. మోకాళ్ళు పోతున్నయి” అంది, ఆవిడా మెల్లగానే.

నేను ఖాజాకు ఆవిడను చూపించాను. ఎంత అరిచినా వినపడని ఆ మనిషి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అటు వంగాడు.

“ఏంది? జెర గట్టిగ చెప్పు, వినొస్తలే!”

ఆవిడ గేటు వైపు చూసింది. వాచ్‌మన్ చూస్తూనే ఉన్నాడు. ఆవిడ లేచి నిలబడి, అరచెయ్యి తన నడుము దగ్గర పెట్టి, గింత ఎత్తు అని గట్టిగా చెప్పింది.